ఏడుకు ఆరు

పొలిమేర దాటిన రూపాయి మారకములో ఎంత తరుగునో లెక్క తెలిసినవానికే తెలియును. హాలీ సిక్కా నాటి చాందా బాటసారి మొదలు నేటి దుబాయి కార్మికుని వరకు, అమెరికాకు పయనమగు తలిదండ్రుల వరకు, గోదావరి తీరవాసులు నేర్చినదియు నేర్వవలసినదియు నగు మారకపు విద్య యిది.

గోదావరిఖనిలో ఒక చిన్న యింటి గోడకు వ్రేలాడు క్యాలెండరు నాకు చిరపరిచితము. జ్యోతినగర్‌లోని మా వీధివారికి ఏండ్ల తరబడి పాలు పోయుచున్న ఒక తల్లి యిల్లది. తేదీల గళ్ళలో అరలీటరు, లీటరు అని పాల లెక్కలు, గ్యాసుబండ వచ్చిన నాటి గుర్తు, చుట్టాల పెండ్లి ముహూర్తములు. వీటన్నిటి నడుమ ప్రతి నెలయు మొదటి వారములో ఏదో యొక గడిలో ఎర్రసిరాతో వ్రాసిన 22.60 వంటి అంకె యొకటి కనబడును. దుబాయిలో తాపీపని చేయు ఆమె కుమారుడు ఇంటికి పైకము పంపిన దినమున ఒక దిర్హామునకు ముట్టిన రూపాయల లెక్క అది. ఐదవ తరగతితో బడి మానిన ఆ తల్లి మరేది మరచినను దశాంశ బిందువును మాత్రము మరువదు. ఏలయన, ఆ బిందువునకు కుడిప్రక్కనున్న అంకెలలోనే తన యింటి పప్పు, ఉప్పు, నూనె ఇమిడియున్నవని ఆమె ఎరుగును.

ఒకనాటి ఉదయము పాలు పోసి, గిన్నె మూతపెట్టి, ఆమె నన్నిట్లు ప్రశ్నించినది: “సారూ, టీవీల ఒక రేటు చెప్తరు. మా పోరనికి ఆడ ఇంకో రేటు ఇస్తరు. నడుమల పైసలు ఎటు పోతున్నయి?”

దేశదేశముల ధనాగారముల చుట్టును, మహానగరముల మారకపు విపణుల చుట్టును తిరుగు విషయమునంతయు ఆమె ఒక్క వాక్యములో అడిగివేసినది. రెండు ధరల నడుమ నున్న ఆ పైకము గాలిలో పుట్టినది కాదు. ఎండలో ఇటుక మీద ఇటుక పేర్చిన చేతులనుండి వచ్చినది. దానిని చూడగలిగిన కన్ను గలవానికే దానిని కొంతయైనను నిలుపుకొను ఉపాయము తోచును. ఆ కన్ను మన పెద్దలకుండెను. దానిని తిరిగి సంపాదించుకొనుట ఎట్లో చెప్పుటకే ఈ వ్యాసము.

తాత కొంగున రెండు ముడులు

మా తాత విదేశమునకు పోయినవాడు కాడు. రామగుండము స్టేషనులో బండి ఎక్కి, గోదావరి దాటి, బల్లార్షా, చాందాల వరకు మాత్రము పనిమీద పోవుచుండెడివాడు. కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము పూర్తియై 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తర దక్షిణములను కలుపుచు ఈ బాటన నడచిన పిమ్మట ఆ ప్రయాణము కొన్ని గంటల పనియైనది. కాని ఆ కొన్ని గంటలలోనే ఒక రాజ్యము ముగిసి మరియొక రాజ్యము మొదలగుచుండెను. ఒక నాణెము చెల్లుబడి తగ్గి మరియొక నాణెము అధికారము వహించుచుండెను.

నిజాము రాజ్యమునకు స్వంత ద్రవ్యముండెనని నేటి పిల్లలకు చెప్పిన ఆశ్చర్యపడుదురు. ఉస్మానియా సిక్కా దాని అధికార నామము. జనులు దానిని హాలీ యనిరి. ‘హాలీ’ యనగా ప్రస్తుతము చెలామణిలో నున్నది యని అర్థము. బ్రిటిషు ఇండియా రూపాయిని మనవారు ‘కల్దారు’ అని వ్యవహరించిరి. ‘కల్’ అనగా యంత్రము, యంత్రముపై అచ్చొత్తిన నాణెము కల్దారు. హాలీ వెండి రూపాయిపై చార్మినారు చిత్రముండెడిది. దాని ద్వారములో పాలకుని పేరునకు గుర్తుగా ఒక్క ఉర్దూ అక్షరము నిలిచియుండెడిది. 1918 నుండి హైదరాబాదు సంస్థానము కాగితపు నోట్లను సైతము వెలువరించెను.

ఈ రెండింటికిని నిర్ణీతమైన మారకముండెను. నూరు కల్దారు రూపాయలు కావలెనన్న నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు హాలీ చెల్లింపవలెను. ఇంత చిక్కు లెక్కను పల్లెవాడెట్లు గుర్తుంచుకొనును? అతడు దానిని రెండు మాటలకు కుదించుకొనెను: ఏడుకు ఆరు. ఏడు హాలీకి ఆరు కల్దారు. ముప్పదియైదు హాలీ ఇచ్చినచో ముప్పది కల్దారు రావలెను. ఇరువది తొమ్మిదే వచ్చినచో ఒక రూపాయి షరాబు వట్టము క్రింద పోయినదని అర్థము.

మా తాత ధోవతి కొంగున రెండు ముడులు వేసికొనెడివాడట: ఒకదానియందు హాలీ, రెండవదానియందు కల్దారు. షరాబు కొట్టు ముందు నిలిచి, ముందుగా తన వ్రేళ్ళపై ఏడుకు ఆరు లెక్కించుకొని, రావలసినదెంతయో మనసున స్థిరపరచుకొని, అటుపిమ్మటనే ముడి విప్పెడివాడట. షరాబు చెప్పిన మొత్తము తన లెక్కకు మరీ దిగువగా నున్నచో ముడి విప్పకయే ప్రక్క కొట్టునకు నడచెడివాడట. “లెక్క నీ దగ్గర లేకుంటే, అవతలోడు చెప్పిందే లెక్క” అని ఆయన మా నాయనతో అనెడివాడని ఇంటిలో చెప్పుకొందురు. విదేశయాత్ర చేయువానికి ఇంతకు మించిన ఉపదేశము నేనెచ్చటను వినలేదు.

మా ప్రాంతపు బొగ్గునకు సైతము ఆదినుండియు రెండు నాణెముల జాతకమే. సింగరేణికి మూలమైన హైదరాబాదు (దక్కన్) కంపెనీ 1886లో ఇంగ్లండులో నమోదై, అచ్చటి వాటాదారులనుండి పౌన్లలో మూలధనము పోగుచేసికొనెను. ఇల్లెందు గనులలో తట్ట మోసినవాని కూలి ఈ గడ్డమీద, లాభము సముద్రముల కావల. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట హాలీయు, భారతీయ రూపాయియు కొన్నేండ్లు ప్రక్కప్రక్కన నడచి, 1959లో హాలీ చెల్లుబడి ముగిసెను. ఆ ద్రవ్యమును చూచుకొనుటకు 1941 నాటి చట్టముచే ఏర్పడిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు, 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అను పేరు దాల్చి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో లీనమైనది. తాత కొంగున రెండవ ముడికి పనిలేకుండ పోయెను. ముడితోపాటు లెక్కయు మరుపున పడెను.

సముద్రమావల మన రూపాయి

హాలీ అస్తమించిన ఆ 1959లోనే మరియొక విశేషము జరిగెను. దుబాయి, కువాయిటు, బహ్రెయిన్, ఖతర్, మస్కట్ తీరములలో అప్పటికి చెలామణి యగుచున్నది భారతీయ రూపాయియే. అచ్చటి ముత్యాల వర్తకులు, ఖర్జూర వ్యాపారులు రూపాయలలోనే బేరమాడెడివారు. అయితే బంగారము దొంగరవాణాకు ఆ రూపాయలు సాధనమగుచున్నవని గ్రహించి, భారత ప్రభుత్వము 1959లో చట్టము సవరించి, గల్ఫు ప్రాంతమునకు వేరు రంగులలో ప్రత్యేకమైన నోట్లను రిజర్వు బ్యాంకుచే ముద్రింపజేసెను. హజ్ యాత్రికులకు సైతము ప్రత్యేకపు నోట్లు వెలువడెను.

ఆ బంధము దీర్ఘకాలము నిలువలేదు. కువాయిటు 1961లో, బహ్రెయిన్ 1965లో స్వంత దీనారులను ఏర్పరచుకొన్నవి. 1966 జూన్ 6న మన ప్రభుత్వము డాలరు ధరను 4 రూపాయల 76 పైసలనుండి 7 రూపాయల 50 పైసలకు పెంచి రూపాయి విలువను తగ్గింపగా, చేతనున్న సొమ్ము రాత్రికి రాత్రి తరిగిపోయిన ఖతర్, దుబాయి ప్రభృతి సంస్థానములు రూపాయికి వీడ్కోలు పలికెను. ఒమాను 1970 వరకు దానిని వాడెను; నేటికిని ఒమాను రియాలులో వేయవ వంతును ‘బైసా’ యందురు. అది మన పైసయే. 1973లో సంయుక్త అరబ్ ఎమిరేట్లు దిర్హామును ప్రవేశపెట్టెను. ఆ యేటనే చమురు ధర ఆకాశమునంటి, ఆ యెడారి సీమలలో భవనములు, రహదారులు లేవసాగినవి; వాటిని కట్టుటకు కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల పడుచువాండ్రు బయలుదేరిరి. మన రూపాయి చెల్లిన తీరమునకు, అది చెల్లుట మానిన తరువాత, మనవారు పనికై పోయిరి. కొలది సంవత్సరముల ముందు ఆ తీరమునకు పోయినవానికి మారకపు చింతయే లేకుండెడిది. అటుపిమ్మట పోయినవానికి అది జీవితకాలపు చింత యైనది.

మూడు బాయిల బిడ్డలు

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి: ఈ మూడు మాటలలో మా సీమ బ్రతుకుదెరువు చరిత్ర ఇమిడియున్నదని పెద్దలందురు. బొగ్గుబాయి కూలి ఇంటి ముంగిటనే చేతికందును. బొంబాయి కూలి మనియార్డరుపై వచ్చినను రూపాయి రూపాయిగనే వచ్చును. మూడవ బాయి కూలి మాత్రము ఒక పరదేశపు నాణెము రూపమున పుట్టి, నడిమిని రూపాంతరము చెంది, ఇంటికి చేరును. ఆ నడిమి మజిలీయందే పాలమ్మ ప్రశ్నకు సమాధానము గలదు.

మా వసారాలో కూర్చుండి నేనామెకు చెప్పిన లెక్క యిది. దిర్హాము ధర తనకు తానుగా పెరుగదు, తరుగదు. 1997 నుండి ఒక డాలరుకు 3.6725 దిర్హాములని అచ్చటి ప్రభుత్వము గట్టిగా ముడివేసినది. సౌదీ రియాలును 1986 నుండి డాలరుకు 3.75 చొప్పున ముడివేసిరి. ఒమాను రియాలు ఒక్కటికి 2.60 డాలర్లు. కాబట్టి వార్తలలో డాలరు ధర వినినవాడు ఈ మూడింటి ధరలను తానే గట్టవచ్చును. ఒకనాడు డాలరు 85 రూపాయలనుకొందము. దానిని 3.67 చేత భాగించిన దిర్హామునకు దాదాపు 23 రూపాయల 15 పైసలు, 3.75 చేత భాగించిన సౌదీ రియాలుకు 22 రూపాయల 67 పైసలు, 2.60 చేత గుణించిన ఒమాను రియాలుకు 221 రూపాయలు. ఏడుకు ఆరు వంటి సూత్రమే యిది. నాణెములు మాత్రము మారినవి.

ఇట్లు గట్టిన ధరకును, ఎక్స్‌ఛేంజి దుకాణము బల్లపై కనబడు ధరకును గల భేదమే నేటి వట్టము. దిర్హామునకు ముప్పది పైసల భేదమున్నదనుకొందము. నెలకు 1,500 దిర్హాములు పంపువానికి అది 450 రూపాయలు. ఏడాదికి 5,400 రూపాయలు. దీనికి తోడు పంపినపుడెల్ల చెల్లించు రుసుము వేరు. దుకాణము నడుపువానికి అద్దె, జీతములు కలవు కనుక కొంత వట్టము న్యాయమే. ఎంతవరకు న్యాయమో నిర్ణయించుకొనవలసినవాడు మాత్రము పైకము పంపువాడు. ఒకే వీధిలోని నాలుగు దుకాణములలో నాలుగు ధరలుండును. ధర మంచిదిగా చూపి రుసుము అధికముగా తీయువారును, రుసుము లేదని బోర్డు పెట్టి ధరలోనే దానిని కలిపివేయువారును కలరు. అందుచేత అడుగవలసిన ప్రశ్న యొక్కటే: నా చేతినుండి ఇన్ని దిర్హాములు పోయిన, మా యమ్మ ఖాతాలో అన్ని ఖర్చులు పోను ఎన్ని రూపాయలు పడును? ఈ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పినవాని వద్దనే పంపవలెను.

బ్యాంకుతో పనిలేని హుండీ మార్గమున పంపిన నాలుగు పైసలు ఎక్కువ ముట్టునని ఆశపెట్టువారు ప్రతి కార్మిక శిబిరములోను ఉందురు. ఆ పైకమునకు చీటి లేదు, సాక్ష్యము లేదు. నడుమనున్నవాడు మాయమైనచో ఫిర్యాదు చేయుటకు స్థానము లేదు. పైగా అది విదేశీ మారకపు చట్టమునకు విరుద్ధము. రేపు ఆ కుమారుడు ఇల్లు కట్టుకొనుటకు బ్యాంకు అప్పునకు పోయినచో, పదేండ్ల కష్టమునకు ఋజువు చూపలేక నిలువవలసి వచ్చును. విదేశోద్యోగమునకు పోవువాడు తన ఊరి పొదుపు ఖాతాను అట్లే విడిచిపోక, బ్యాంకునకు తెలియజేసి ప్రవాసులకుద్దేశించిన ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకొని, విదేశార్జనకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరువవలెను. ఎన్‌ఆర్‌ఈ ఖాతాపై వచ్చు వడ్డీకి ఇచ్చట ఆదాయపు పన్ను లేదు. అందలి సొమ్మును ఎప్పుడైనను తిరిగి విదేశమునకు కొనిపోవచ్చును. బయలుదేరుటకు ముందు అరపూట వెచ్చించిన చాలును. ఆ అరపూట దొరకకనే చాలమంది విమానమెక్కుచున్నారు.

ఎనిమిది డాలర్ల నాడు

జ్యోతినగర్ కథ వేరు. 1978 నవంబరు 14న నాటి ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసిన రామగుండము విద్యుత్కేంద్రమునకు అనుబంధముగా ఈ కాలనీ పుట్టెను. ఆ కేంద్ర నిర్మాణమునకు ప్రపంచ బ్యాంకు ఋణమును తోడ్పడెను. దేశము నలుమూలలనుండి వచ్చిన ఇంజనీర్లు, ఆపరేటర్లు ఇచ్చట కాపురముండి, పిల్లలను చదివించిరి. ఆ పిల్లలలో అనేకులు నేడు డాలసులో, న్యూజెర్సీలో, సిడ్నీలో నున్నారు. పదవీ విరమణ చేసిన తలిదండ్రులు ఆరునెలలకొకమారు పెట్టెలు సర్దుదురు.

వీరి ముందు తరమువారికి పరదేశపు నాణెమన్న దాదాపు నిషిద్ధ వస్తువే. విదేశీ మారకమునకు కటకటగా నున్న ఆ దినములలో, ఎనిమిది డాలర్లు జేబున బెట్టుకొని అమెరికాలో దిగిన విద్యార్థుల కథలు పాత ప్రవాసాంధ్ర కుటుంబములలో నేటికిని వినవచ్చును. 1973 నాటి విదేశీ మారకపు నియంత్రణ చట్టము ఆ కటకటను కఠినతరము గావించెను. 1991లో దిగుమతులకు చెల్లించుటకు కొన్ని వారములకు సరిపడు ద్రవ్యమే మిగిలిన సంకటమున, మా పొరుగున నున్న మంథని నియోజకవర్గమునుండి 1957 మొదలు 1977 వరకు శాసనసభ్యుడుగా నుండిన పి.వి. నరసింహారావుగారు జూన్ 21న ప్రధానిగా ప్రమాణము చేసిరి. జూలై మొదటి వారములో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గింపబడెను. రిజర్వు బ్యాంకు బంగారము దాదాపు 47 టన్నులు కుదువకై విమానములపై తరలెను. ఇంటి బంగారము కుదువబెట్టుట యనిన నేమో మా ప్రాంతపు ప్రతి కుటుంబమునకు తెలియును. దేశమునకు సైతము ఆ స్థితి వచ్చునని ఆనాడు తెలిసెను.

ఆ గండము గట్టెక్కిన పిదప తలుపులు క్రమముగా తెరచుకొన్నవి. 1994లో కరెంటు ఖాతా వ్యవహారములకు, అనగా వర్తకము, ప్రయాణము వంటివాటికి, రూపాయి మార్పిడి స్వేచ్ఛ లభించెను. 2000 జూన్ 1 నుండి నియంత్రణ చట్టము స్థానమున నిర్వహణ చట్టము అమలులోనికి వచ్చెను. కడప జిల్లాకు చెందిన వై. వేణుగోపాలరెడ్డిగారు రిజర్వు బ్యాంకు గవర్నరుగా నున్నపుడు, 2004 ఫిబ్రవరిలో, ప్రతి నివాసియు ఏడాదికి 25,000 డాలర్లు వెలుపలికి పంపుకొను సరళీకృత పథకము మొదలైనది. 2015 నుండి ఆ పరిమితి 2,50,000 డాలర్లు. ఎనిమిదినుండి రెండున్నర లక్షలకు వచ్చిన ఈ ప్రయాణము వెనుక ఒక తరము శ్రమయు, గల్ఫునుండి నెలనెల వచ్చిన చిన్న మొత్తములును కలవని, పెట్టె సర్దుకొను మనమందరము స్మరింపవలెను.

పెట్టె సర్దుకొనువారికి

మా ప్రక్కయింటి దంపతులు మొదటిమారు కుమార్తె యొద్దకు పోవునపుడు, రుమాలులో చుట్టిన డాలర్ల కట్టను నాకు చూపి “ఇవి చాలునా?” యని యడిగిరి. నోట్లన్నియు నూరు డాలర్లవే. విమానాశ్రయములో ఒక సీసా నీరు కొనవలసిన, నూరు డాలర్ల నోటునకు చిల్లర యెవ్వరిత్తురు? ఐదులు, పదులు, ఇరువదులు కలిపి తీసికొనవలెను. చిరిగినవి, వ్రాతలున్నవి, మరకలు పడినవి కొనునపుడే నిరాకరింపవలెను.

ఒక యాత్రకు నోట్ల రూపమున 3,000 డాలర్ల వరకు కొనిపోవుటకు సాధారణముగా అనుమతి గలదు. అంతకు మించినది ఫారెక్స్ కార్డులోనో, మరియొక రూపముననో ఉండవలెను. 50,000 రూపాయలు దాటిన మారకమును రొక్కమిచ్చి కొనరాదు; ఖాతానుండియే చెల్లింపవలెను. తిరిగివచ్చు దినమున ఆటోకు, టీకి అక్కరపడునని మన నోట్లు 25,000 రూపాయల వరకు వెంట నుంచుకొనవచ్చును. అమెరికాలో దిగునపుడు పదివేల డాలర్లు మించినచో ప్రకటింపవలెను. మన దేశమునకు మరలివచ్చునపుడు నోట్లు 5,000 డాలర్లు గాని, అన్ని రూపములలో కలిపి 10,000 డాలర్లు గాని మించినచో కస్టమ్సువారికి తెలుపవలెను. మిగిలిన సొమ్ములో 2,000 డాలర్ల వరకు మరుసటి యాత్రకై దాచుకొని, తక్కినది 180 దినములలో అమ్మివేయవలెను.

కొనుధర, అమ్ముధరల భేదమును ఒక్క ఉదాహరణముతో గ్రహింపవచ్చును. నడిమి ధర 85 అయిన దినమున ఒక కౌంటరువాడు 88కి అమ్మి, 82కు కొనుననుకొందము. వేయి డాలర్లు కొన్నవాడు, ప్రయాణమాగిపోయి ఆ గంటలోనే వాటిని తిరిగి అమ్మినచో, 88,000 ఇచ్చి 82,000 పుచ్చుకొనును, ఆరువేలు కరిగిపోవును. ‘కమిషను లేదు’ అను బోర్డు ఆ కౌంటరుపై వ్రేలాడవచ్చును. ఆ మాట నిజమే కావచ్చును. కమిషను ధరలోనే కలదు. విమానాశ్రయములలో ఈ భేదము సాధారణముగా మిక్కుటము. ప్రయాణమునకు వారము ముందే, లైసెన్సుగల రెండు మూడు చోట్ల విచారించి, రసీదుతో కొనువాడు ఈ నష్టమును చాలవరకు తప్పించుకొనును. బ్యాంకు కార్డులకు విదేశ వినియోగము 2020 నుండి మనము కోరిననే తెరవబడును. ఇంటనుండగనే దానిని తెరిపించి, ఓటీపీ వచ్చుటకు మన ఫోను నెంబరునకు రోమింగు పెట్టించి, రెండు కార్డులను రెండు సంచులలో వేరువేరుగా దాచుకొనవలెను.

నా స్వానుభవ మొకటి చెప్పవలసియున్నది. ఒక గల్ఫు నగరపు విమానాశ్రయమున, విమానము మారు విరామములో, మనుమరాలికి చిన్న బొమ్మ కొని కార్డు ఇచ్చితిని. యంత్రపు తెరపై రెండు గళ్ళు వెలిగెను: దిర్హాములలోనా, రూపాయలలోనా? పరదేశమున రూపాయి యను పేరు కనబడగనే మనసు చల్లబడినది. ఎన్ని రూపాయలగునో అచ్చటనే తెలియుచున్నది గదా యని ఆ గడినే నొక్కితిని. ఇంటికి వచ్చి దిర్హాము ధరతో లెక్క చూచుకొనగా, నూటికి ఏడు రూపాయల చొప్పున అధికము పోయినది. రూపాయలలో అని చెప్పినపుడు మారకము చేయునది మన బ్యాంకు కాదు. ఆ దుకాణపు యంత్రము వెనుకనున్న సంస్థ తనకు నచ్చిన ధరతో చేయును. ఏ దేశమున నున్నామో ఆ దేశపు నాణెములోనే చెల్లింతునని చెప్పుట మేలు. ఏటీఎం యంత్రము ముందును ఇదియే నియమము. ఆనాడు నా కొంగున ముడియుండెను కాని తాత లెక్క లేకపోయెను.

నేడు ఫోనుతో చెల్లించు యూపీఐ సైతము పొలిమేరలు దాటినది. 2021లో భూటానులో, 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషసులలో, పారిసులోని ఐఫిల్ గోపురము టికెట్ల కడ అది అడుగిడెను. సింగపూరుతో సొమ్ము పంపుకొను బంధము 2023లో ఏర్పడెను. సౌకర్యము పెరిగినకొలది మారకము కంటికి కనబడకుండ పోవును. కనబడనిదానిని లెక్కించు అలవాటు అంతకంతకు అవసరమగును.

చెల్లని నోట్ల పాఠము

నాణెమునకును ఆయుర్దాయము కలదు. రంగూనులో తరతరములుగా రేవుపనులు, మిల్లుపనులు చేసికొన్న తెలుగువారు 1942లో జపాను దండయాత్ర వేళ అడవిదారుల వెంట కాలినడకన మరలివచ్చిరి. అచ్చట మిగిలినవారి చేతికి జపాను సైన్యము ముద్రించిన నోట్లు వచ్చెను. 1945లో ఆ పాలన కూలగనే అవి చిత్తుకాగితములైనవి. 1964 మే నెలలో బర్మా సైనిక ప్రభుత్వము 50, 100 క్యాట్ల నోట్లను రద్దుచేసినపుడు, అచ్చట మిగిలిన భారతీయులు దాచుకొన్న సొమ్ము మరల పోయెను. అటుపిమ్మట ఓడలపై వచ్చినవారికి విశాఖపట్టణములో నీడనిచ్చిన వాడలకు బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువాయిటును ఆక్రమించిన పిమ్మట, ప్రపంచములో అత్యంత విలువగల కువాయిటు దీనారు ఇరాకు దీనారుతో సమానమని ప్రకటింపబడి, క్రమముగా చెల్లుబడియే కోల్పోయెను. జోర్డాను రాజధాని అమ్మాను మీదుగా ఎయిరిండియా విమానములు లక్షకు పైగా భారతీయులను చేరవేసినపుడు, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాలవారనేకులు ఏండ్ల సంపాదనను వెనుక విడిచి వచ్చిరి. విముక్తి తరువాత 1991లో కువాయిటు కొత్త నోట్లను తెచ్చి పాతవాటిని ఉపసంహరించెను. ఈ చరిత్ర నేర్పు పాఠమేమనగా, పరదేశపు నోటు ఇనుపపెట్టెలో దాచుకొను ఆస్తి కాదు. సంపాదించిన నెలలోనే అది స్వదేశపు ఖాతాకు చేరవలెను. 2016 నవంబరు 8న మన పెద్ద నోట్లు రద్దయినపుడు, విదేశముల నున్నవారి పెట్టెల అడుగున మిగిలిన ఐదువందలు, వేయి నోట్ల కథయు ఇట్టిదే.

మూడవ అంకె

ఇంత చరిత్రను నేనా పాలమ్మకు చెప్పలేదు. డాలరు ధరను 3.67 చేత భాగించుట మాత్రము ఒక చీటిపై వ్రాసి చూపితిని. ఆమె ఆ చీటిని కొంగున ముడివేసికొని పోయినది. ఆ రాత్రియే కుమారునకు ఫోనుచేసి, ఇకమీదట పంపునపుడు నాలుగు దుకాణముల ధర అడిగి పంపుమని చెప్పినదట.

రెండు నెలలు గడచిన పిమ్మట వారింటికి పోయినపుడు గోడవైపు చూచితిని. ఎర్రసిరా అంకె ఇపుడొంటరిగా లేదు. ఒకదాని క్రింద నొకటి మూడంకెలున్నవి: రావలసిన ధర, వచ్చిన ధర, నడిమి భేదము. మొదటి నెల గడిలో మూడవ అంకె ముప్పదియొక పైసలు. రెండవ నెల గడిలో పందొమ్మిది.

“ఎటు పోతున్నయో ఎరుకైంది సారూ,” అన్నది ఆమె, పాలగిన్నె కడుగుచు. “వచ్చే నెల ఇంకెంత దిగుతదో చూడాలె.”